మ్యాగ్నమ్ ఎల్డన్, ఆరున్నర తూటా

విల్లో ఫోర్క్‌లో కొత్త మనిషిని ఏ చర్చికి పోతావని ఎవరూ అడగరు. ఎవరికి ఓటేస్తావనీ అడగరు. అడిగితే తగవులొస్తాయి. ఏ తూటా కాలుస్తావని మాత్రం అడుగుతారు. దానికి తగవులు రావని కాదు, ఆ తగవులంటే ఊరికి ఇష్టం.

ఆ తగవులకు పెద్ద ఎల్డన్ హాగెన్. అరవై ఆరేళ్ల మనిషి. మోంటానా కొండల్లో మట్టిరోడ్ల మీద కౌంటీ వాళ్ల గ్రేడర్ బండి తోలుతూ బతికాడు. వేసవిలో గుంతలు చదును చేయడం, చలికాలంలో మంచు పక్కకు నెట్టడం. ఆయన నెట్టిన మంచు వల్లే సగం ఊరి పిల్లలు బడికి పోయి నాలుగక్షరాలు నేర్చుకున్నారు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. మ్యాగ్నమ్ ఎల్డన్ అంటేనే ఆయనెవరో తెలుస్తుంది.

మూడు ముప్పై ఎనిమిది మ్యాగ్నమ్ అని ఒక తూటా ఉంది. మధ్యవేలంత ఉంటుంది. పేలితే ముందున్న జంతువుకి ఎంత తగులుతుందో వెనకున్న భుజానికీ ఇంచుమించు అంత తగులుతుంది. ఎల్డన్ దాన్ని పెళ్లికి ముందే ఎంచుకున్నాడు. కారణం తండ్రి. ఆ పెద్దాయన పాత సన్న రైఫిల్‌తో గుర్రమంత ఎల్క్ దుప్పిని కొట్టాడు. అది పడలేదు. నెత్తురు కారుతూ పోయింది. వెతికి వెతికి దొరక్క ఇంటికొచ్చి, రైఫిల్ గోడకి తగిలించి, మళ్లీ దాన్ని ముట్టలేదు. "కొడితే పడాలి. పడదనుకుంటే కొట్టకూడదు," అన్నాడు కొడుకుతో. ఆయన మాటకారి కాదు, ఆ యేడాది మొత్తానికీ ఇంట్లో మాట్లాడింది దాదాపు అంతే. కొడుకు ఆ మాట పట్టుకుని తిన్నగా పోయి కొట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద తూటా కొన్నాడు.

ఊరి కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల ఆయనది. అక్కడ కూర్చుని మిగతా తూటాలన్నింటికీ బారసాల చేశాడు. రెండు డెబ్బైకి పాస్టర్ తూటా అని పేరు పెట్టాడు, లూథరన్ పాస్టర్ అదే కాల్చేవాడు గనక. "అది జంతువుని చంపదు, క్షమిస్తుంది," అనేవాడు. మూడు సున్నా ఎనిమిది సైన్యం ఎంగిలి. రెండు నలభై మూడు పిల్లల పుట్టినరోజులకి రిబ్బను కట్టి ఇవ్వడానికి బాగుంటుంది. అందరూ నవ్వేవారు, పాస్టర్‌తో సహా. నోటికి హద్దు లేదుగానీ మనిషి మంచివాడని ఊరి నమ్మకం, అది తప్పు కూడా కాదు.

నాలుగేళ్ల కిందట కూతురు డీనా పెళ్లి చేసుకుంది. అల్లుడు బ్రైస్ పట్నం కుర్రాడు, చెవిటివాళ్లకి చెవి మిషన్లు అమర్చే పని. మ్యాగ్నమ్ పుణ్యమా అని ఎల్డన్‌కి కుడిచెవి సరిగా వినపడదు, అయినా అల్లుడి చేత మిషన్ పెట్టించుకోలేదు. బ్రైస్ మొదటిసారి ఇంటికి పండగ భోజనానికి వచ్చినప్పుడు, టర్కీ కోడి కోయకముందే ఎల్డన్ అడిగాడు.

"ఏం కాలుస్తావు?"

"ఆరున్నర క్రీడ్‌మోర్ అండీ."

ఎల్డన్ ఫోర్కు కింద పెట్టాడు. గోడ గడియారం వైపు చూశాడు.

"ఆరున్నర అంటే భోజనం టైము, బాబూ. తూటా కాదు."

బల్ల చుట్టూ నవ్వులు. ఆ తూటా కొత్తగా వచ్చింది, సన్నంగా ఉంటుంది, భుజాన్ని పెద్దగా తన్నదు. పట్నం కుర్రాళ్లంతా దాన్నే కొంటున్నారని ఊళ్లో పెద్దలకు దానిమీద కోపం. అల్లుడు దశమగ్రహం అంటారు. బ్రైస్ మాత్రం ఏ గ్రహమూ కాలేదు, తనూ నవ్వి బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వాడి పేరు ఆరున్నర. డీనా పుట్టింటికి వచ్చినప్పుడు వాడు ఫోన్ చేస్తే, "డీనా, ఆరున్నర మోగుతోంది," అని కేకేసేవాడు ఎల్డన్. నాలుగేళ్లూ అదే జోకు. జోకు అరిగిపోయిందిగానీ ఎల్డన్ అలిసిపోలేదు.

ఏటా నవంబరులో కొండ కింద వేసే వేట గుడారంలో ఇంకొంచెం ఘోరం. అక్కడ వడ్డనకి ఒక వరస ఉంది. ఎవరి తూటా పెద్దదైతే వాళ్ల కంచం ముందు నిండుతుంది. ఆ వరస పెట్టింది ఎల్డనే. ముందు ఎల్డన్, తర్వాత ఆయన చిన్ననాటి స్నేహితుడు డ్వేన్ పెట్రిచ్, అతనిది మూడొందల తూటా. ఆఖర్న ఆరున్నర. బ్రైస్ దాకా వచ్చేసరికి కూరలో చిక్కుడుగింజలే మిగిలేవి.

ఇంతటి ఎల్డన్‌కి ఒక సంగతి దాచుకోవలసి వచ్చింది.

పోయినేడు నవంబరులో సాడిల్ కొండ మీద ఒక ఆడ ఎల్క్ చెట్ల అంచున పక్కకు తిరిగి నిలబడింది. దగ్గరే. ఎవరైనా కొట్టగలిగేంత దగ్గర. ఎల్డన్ గురిపెట్టాడు. ట్రిగర్ నొక్కబోతూ కళ్లు రెండూ మూసుకున్నాడు. మూసుకుంటున్నట్టు తనకి తెలుస్తూనే ఉంది. తెలిసినా వేలు ఆగలేదు. కళ్లు తెరిచేసరికి జంతువు మూడు కాళ్ల మీద చెట్లలోకి పోతోంది.

నెత్తురు చుక్కలు పట్టుకుని వెంటపడ్డాడు. మధ్యాహ్నం మంచు మొదలై చుక్కల్ని కప్పేసింది. చీకటిపడేదాకా వెతికాడు. మర్నాడు చేతితొడుగు పడిపోయిందని అబద్ధమాడి మళ్లీ ఎక్కి వెతికాడు. దొరకలేదు. గుడారంలో అడిగితే, "తప్పింది. శుభ్రంగా తప్పింది," అన్నాడు. తప్పడం తప్పు కాదు, ఎవరికైనా తప్పుతుంది. కొట్టి వదిలేయడం వేరు. చలికాలమంతా ఆయన మంచంలో ఎటు తిరిగి పడుకున్నా ఆ మూడు కాళ్ల నడకే కనపడింది. సిగ్గుతో చచ్చిపోయాడు, ఇంకో మాట లేదు.

విల్లో ఫోర్క్ మగవాళ్లు దేని గురించైనా నోరు విప్పుతారు. మూలశంక గురించి చెప్పుకుంటారు, విడాకుల గురించి చెప్పుకుంటారు. ట్రిగర్ దగ్గర ఉలుకు గురించి, అంటే రైఫిల్ తన్నబోతోందని ముందే ఉలిక్కిపడటం గురించి మాత్రం చెప్పుకోరు. అక్కడ ఉలుకు ఉన్నవాడికి పలుకు ఉండదు.

పలికింది భార్య మార్లిస్. ఆమె స్కూలు బస్సు తోలి రిటైరైన మనిషి. వెనక సీట్లో ఎవడేం చేస్తున్నాడో తల తిప్పకుండా చెప్పడం ఆమెకి అలవాటు. సెప్టెంబరులో ఎల్డన్ గురి సరిచూసుకోవడానికి ఊరి బయట కంకర గోతికి వెళుతుంటే తనూ వస్తానంది. రైఫిల్ నింపి ఇస్తానంది. ఎల్డన్ కాగితం కంచాన్ని గోతి గోడకి గుచ్చి వచ్చి కూర్చుని, ఆమె అందించిన రైఫిల్ భుజానికి ఆనించి, గురిచూసి నొక్కాడు.

టిక్కుమంది. అంతే. లోపలున్నది మందులేని ఉత్త గొట్టం. మార్లిస్ తెలిసే పెట్టింది. తూటా పేలనప్పుడు రైఫిల్ కదలకూడదు. ఎల్డన్ రైఫిల్ మాత్రం గింజ పొడుచుకునే కోడిలా ముక్కు నేలకి వంచింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. భుజం చెవిదాకా లేచి ఉంది.

"తూటా పేలలేదు," అంది మార్లిస్. "నువ్వు పేలావు."

ఎల్డన్ రైఫిల్ దించి ఒళ్లో పెట్టుకున్నాడు. 

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నాకేం తెలుసు. పోయినేడు వేట నుంచి వచ్చాక నువ్వు ఆ రైఫిల్‌ని ఒక్కసారీ తుడవలేదు. అది తెలుసు."

అప్పుడు చెప్పాడు. మూడు కాళ్ల సంగతి, చేతితొడుగు అబద్ధం, అన్నీ. మార్లిస్ అడ్డు రాకుండా విని, గొట్టం బయటికి తీసి జేబులో వేసుకుంది.

"మానేస్తావా, మారుస్తావా? రెండే దారులు."

మానేయడం ఎల్డన్ వల్ల కాదు. నవంబరులో ఆ గుడారంలో లేకపోతే తను ఎక్కడున్నట్టో ఆయనకి తెలియదు. ఇంకో జంతువుని అలా పంపడమూ ఆయన వల్ల కాదు. ఇంక మిగిలింది మార్చడం. మారిస్తే ఊరేమంటుంది? ఊరి సంగతి అలా ఉంచు, అల్లుడేమంటాడు?

పక్క కౌంటీలో, తెలిసినవాళ్లు లేని కొట్టుకి వెళ్లారు. కౌంటర్ వెనక గడ్డం ఆయన ఎవరికని అడిగాడు.

"మా ఆవిడకి," అన్నాడు ఎల్డన్.

మార్లిస్ చేతిసంచీ ముందుకు లాక్కుని నిలబడింది.

గడ్డం ఆయన ఓపికమంతుడు. ఎల్క్‌కి రెండు డెబ్బై చాలా మంచిదన్నాడు. ఎల్డన్ తల అడ్డంగా ఊపాడు, పాస్టర్ గుర్తొచ్చాడు. మూడు సున్నా ఎనిమిదికి తిరుగులేదన్నాడు. సైన్యం ఎంగిలి గుర్తొచ్చింది. ఆయన ఏ పేరు చెప్పినా దానిమీద ఎల్డన్ కాఫీ హోటల్లో ఉమ్మేసిన మాట ఒకటి ఉంది. నోటితో మూసిన తలుపులు ఒక్కొక్కటే చేత్తో తోసి చూసుకుంటున్నాడు, ఏదీ తెరుచుకోవడం లేదు.

"అన్నింటికన్నా తక్కువ తన్నేది, ఎల్క్‌ని నిలబడ్డచోటే పడేసేది ఏది?" అన్నాడు చివరికి.

"అలా అడగండి మరి. ఆరున్నర."

ఎల్డన్‌కి అప్పుడే ఒక సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట తన కళ్ల ముందే బ్రైస్ ఒక్క తూటాకి ఎల్క్‌ని పడేశాడు. నిలబడిన చోటే పడింది. ఆ రోజు ఎల్డన్, "గుడ్డికొంగకి చేప దొరికింది," అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కొంగకి కళ్లు బాగానే ఉన్నాయి. ట్రిగర్ నొక్కేటప్పుడు తెరిచే ఉన్నాయి.

"అదే ఇవ్వండి," అన్నాడు, ఎవరో పక్కనుంచి వింటున్నట్టు గొంతు తగ్గించి.

గడ్డం ఆయన రైఫిల్ మార్లిస్ చేతికిచ్చి కొలిచాడు. "అమ్మకి ఇది పొడుగైంది. వెనక కర్ర రెండంగుళాలు కోయించాలి."

"కోయొద్దు," అన్నాడు ఎల్డన్.

"చేతులు అందవండీ."

"పెరుగుతాయి."

మార్లిస్‌కి అరవై మూడేళ్లు. గడ్డం ఆయన ఆమె వంక చూశాడు. "మా ఇంట్లో అందరం ఆలస్యంగానే పెరుగుతాం," అంది మార్లిస్. ట్రక్కెక్కాక ఊరొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఎల్డన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కంకర గోతిలో నెల రోజులు సాధన చేశాడు. మార్లిస్ మధ్యమధ్య ఉత్త గొట్టం పెట్టేది. మొదట్లో ముక్కు వంగింది. తర్వాత వంగడం మానేసింది. కాగితం కంచం మధ్యలో, పిడికిలి పట్టేంత మేర చిల్లులు పడ్డాయి. తూటా ఎక్కడ తగులుతోందో కళ్లారా చూడటం ఆయనకి కొత్తగా ఉంది.

ఇక దాచడం ఒకటి మిగిలింది. పాత రైఫిల్ దూరదర్శిని, పాత తోలుపట్టీ తీసి కొత్తదానికి బిగించాడు. గొట్టం మీద చెక్కిన అంకెల పైన ఆకుల బొమ్మల టేపు చుట్టాడు. నడుముకి మ్యాగ్నమ్ తూటాల బెల్టు మామూలుగానే కట్టుకున్నాడు, అది లేకుండా కనపడితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అసలు తూటాల్ని దూదిలో చుట్టి దగ్గుబిళ్లల రేకు డబ్బాలో పెట్టుకున్నాడు. పెళ్లాం మీద తప్ప ఇంకెవరి మీదా నమ్మకం లేనివాడి ఏర్పాటు అది, బాగానే కుదిరింది.

గుడారంలో మొదటి సాయంత్రం డ్వేన్ రైఫిళ్లు మూలన ఆనిస్తూ అడిగాడు.

"ఏంట్రా, నీ గొట్టం సన్నబడింది?"

"చలికి ముడుచుకుంది."

"మనిషి ముడుచుకుంటే విన్నాం. ఇనుము కూడానా?"

"నీకు తెలియనివి చాలా ఉన్నాయి, డ్వేన్."

బ్రైస్ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు. వడ్డన మొదలైంది. ఎల్డన్ కంచం ముందు నిండింది, మాంసం ముక్కలు పైకి తేలేలా. ఏళ్ల తరబడి హాయిగా తిన్న మొదటి గరిటెని ఆ పూట చెంచాతో కెలుకుతూ కూర్చున్నాడు. ఆఖర్న బ్రైస్ గిన్నె అడుగు గీకి చిక్కుడుగింజలు వేసుకున్నాడు.

డ్వేన్‌కి దగ్గు పట్టుకుంది. తింటూ దగ్గాడు, తిన్నాక దగ్గాడు. ఎల్డన్ కోటు జేబులోంచి డబ్బా మూత తొంగిచూస్తోంది.

"ఒరేయ్, ఒక బిళ్ల ఇటు పడెయ్."

"అయిపోయాయి."

డ్వేన్ చెయ్యి చాపి జేబు మీద తట్టాడు. దూది చాల్లేదు, డబ్బా గలగలమంది. "అయిపోయినవి బాగానే మోగుతున్నాయే?"

"సగం చప్పరించి పెట్టుకున్నవి."

"ఎంగిలి బిళ్లలు దాచుకుంటున్నావా?" డ్వేన్ ముఖం చూస్తే నిజంగా జాలి పడినట్టే ఉంది. "పింఛను చాలడం లేదా ఎల్డన్?"

ఎల్డన్ లేచి సామాన్ల పెట్టె వెతికాడు. మార్లిస్ దేన్నీ మరిచిపోయే మనిషి కాదు, అసలు దగ్గుబిళ్లల డబ్బా కూడా ఒకటి సర్దింది. అదే కంపెనీ, అదే రంగు. తెచ్చి డ్వేన్ ముందు బల్ల మీద పెట్టాడు. కోటు విప్పి పడుకునే ముందు జేబులోది కూడా తీసి బల్ల మీదే పెట్టాడు, కోటు మడిచి తలకింద పెట్టుకోవాలి కదా. రెండు డబ్బాలూ పక్కపక్కన లాంతరు కింద కూర్చున్నాయి.

తెల్లవారకముందే లేచి డ్వేన్ వాగు వైపు పోయాడు. మామా అల్లుళ్లు సాడిల్ కొండెక్కారు. పైన పెద్ద బండరాయి ఉంది. బ్రైస్ దానికి అటు పక్కన కూర్చున్నాడు, ఎల్డన్ ఇటు పక్కన. మధ్యలో రాయి ఉంది గనక ఇక నిశ్చింతగా రైఫిల్ నింపుకోవచ్చని ఎల్డన్ డబ్బా తీసి మూత తెరిచాడు.

తేనె నిమ్మకాయ బిళ్లలు. పచ్చగా, పంచదార అద్ది ఉన్నాయి.

చాలాసేపు వాటి వంక చూశాడు. చేతిలో ఆరున్నర రైఫిల్. నడుం చుట్టూ మ్యాగ్నమ్ తూటాలు. జేబులో దగ్గుకి మందు. రాయికి అవతల అల్లుడి జేబునిండా కావలసిన తూటాలున్నాయి. ఒక్క మాట అడిగితే చాలు. ఆ ఒక్క మాట అడగడం కన్నా కొండ మీంచి దొర్లిపోవడం సుఖమనిపించింది. పోనీ, తూటా లేకపోతే దేన్నీ గాయపరిచే పని లేదు, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. ఒక బిళ్ల నోట్లో వేసుకున్నాడు.

తెల్లవారాక ఎల్క్‌లు వచ్చాయి, బ్రైస్ ఉన్న వైపు నుంచి. ఎల్డన్‌కి కనపడలేదు, తూటా చప్పుడు వినపడింది. తర్వాత బ్రైస్ గొంతు.

"అడుగేసింది! నేను నొక్కుతుంటే అడుగేసింది! వెనక తగిలింది, ఎల్డన్, పొట్టలో తగిలింది!"

మంద అంతా చెట్లలోకి పోయింది. ఒక్కటి మాత్రం కొండ వాలు మీద రాయి చుట్టూ తిరిగి ఎల్డన్ ముందుకు వచ్చి ఆగింది. ఆడ ఎల్క్. తల దించి, పొట్ట ముడుచుకుని నిలబడింది. నాలుగడుగుల్లో అడవి. బ్రైస్ రాయి దాటి వచ్చేలోపు అది అందులోకి పోతుంది. పొద్దున్నుంచీ ఆకాశం మూసుకుని ఉంది, పోయినేటిలాగే మంచు మొదలు కాబోతోంది.

ఎల్డన్ చెయ్యి అలవాటుగా బెల్టు మీదికి పోయింది. మ్యాగ్నమ్ తూటా లాగి, రైఫిల్ తెరిచి లోపలికి తోశాడు. పోలేదు. పోదని తెలుసు. అయినా ఇంకోసారి తోశాడు.

"బ్రైస్! ఆరున్నర ఒకటి ఇటు పడెయ్!"

అవతల నుంచి బ్రైస్ గొంతు వణుకుతూ వచ్చింది. నాలుగేళ్లలో వాడి గొంతులో కోపం వినడం అదే మొదలు.

"ఇప్పుడా వేళాకోళం? ఇలాంటప్పుడా?"

"వేళాకోళం కాదురా! నా రైఫిల్ ఆరున్నర! నా దగ్గర తూటా లేదు, విసురు!"

తూటా రాయి మీదుగా వచ్చి నేల మీది పాత మంచులో పడింది. ఎల్డన్ తీసి, కోటుకి తుడిచి, లోపల వేసి మూశాడు. ఎల్క్ ఒక అడుగు వేసింది. ఆయన కళ్లు తెరిచే ఉంచాడు. తూటా తగలడం చూశాడు, ముంగాళ్లు మడత పడటం చూశాడు. అది అక్కడే పడింది. పడి మళ్లీ కదల్లేదు.

బ్రైస్ రొప్పుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎల్క్‌ని చూశాడు, ఎల్డన్ చేతిలో సన్న గొట్టాన్ని చూశాడు, మంచులో పడున్న మ్యాగ్నమ్ తూటాని చూశాడు. వంగి దాన్ని తీసి మామగారి చేతిలో పెట్టాడు.

"మీ రైఫిల్ ఆరున్నర తింటోందే?"

"ఆకలేస్తే ఏదైనా తింటుంది."

బ్రైస్ నవ్వలేదు. "మీరు లేకపోతే పోయేదండీ. నెత్తురు కారుతూ పోయేది. నేను జన్మలో..." అని ఆగిపోయాడు.

ఎల్డన్‌కి వాడి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేక డబ్బా తెరిచి ఒక దగ్గుబిళ్ల ఇచ్చాడు. వాడు తీసుకున్నాడు. ఇద్దరూ కోత పనిలో పడ్డారు. పొట్ట చీల్చి, తొడలు వేరు చేసి, నాలుగు భాగాలు చేసి మోసుకుంటూ దిగేసరికి పొద్దు వాలింది. దారిలో బ్రైస్ ఒకటే అన్నాడు.

"నేనెవరికీ చెప్పను, ఎల్డన్."

గుడారంలో డ్వేన్ ముందే వచ్చి పొయ్యి రాజేశాడు. కూర ఉడుకుతోంది. బల్ల మీద మూత తీసిన దగ్గుబిళ్లల డబ్బా, దాని ముందు దూది వలిచిన ఆరున్నర తూటాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ చప్పరిస్తున్నాను," అన్నాడు డ్వేన్. "దగ్గు తగ్గితే ఒట్టు."

"అవి నావి," అన్నాడు బ్రైస్, ఎల్డన్ కన్నా ముందు. "నేనే ఆ డబ్బాలో పెట్టాను."

డ్వేన్ వాడి వంక చూశాడు. తర్వాత ఎల్డన్ వంక చూశాడు. దారి తెరిచి ఉంది. ఎల్డన్ ఊరికే కోటు విప్పుకుంటే చాలు, మ్యాగ్నమ్ ఎల్డన్ మ్యాగ్నమ్ ఎల్డన్‌గానే పోతాడు. నాలుగేళ్లు గింజలు తిన్న కుర్రాడు తన పరువు కాయడానికి అబద్ధమాడుతుంటే ఎల్డన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పుకోవడానికి పొయ్యి కూడా ఉంది.

"వాడివి కావు. నావి," అన్నాడు. నిలబడే చెప్పేశాడు. ఉలుకు సంగతి, మార్లిస్ ఉత్త గొట్టం సంగతి, పక్క కౌంటీ కొట్టు సంగతి. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని మిగతాది చెప్పాడు. "పోయినేడు ఆ ఆడ ఎల్క్ తప్పలేదు. తగిలింది. కాలికి తగిలింది. నేను దాన్ని దొరకబుచ్చుకోలేకపోయాను."

డ్వేన్ తూటాల్ని ఒక్కొక్కటే తిరిగి డబ్బాలో వేస్తూ ఉన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నెత్తురు. మంచు పడకముందు నేనూ అటే వచ్చాను. మర్నాడు చేతితొడుగన్నావు. రెండు తొడుగులూ నీ జేబులోనే వేలాడుతున్నాయి."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను." డ్వేన్ డబ్బా మూత వేశాడు. "ఏడాది పట్టింది."

ఎల్డన్ బల్ల దగ్గర కూలబడ్డాడు. బ్రైస్ చెయ్యి తిప్పి గడియారం చూసుకున్నాడు.

"ఆరున్నరయింది," అన్నాడు మెల్లిగా.

డ్వేన్ ముందు నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎల్డన్ కూడా నవ్వాడు, ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత బెల్టు విప్పి మూలన మేకుకి తగిలించి గరిటె అందుకున్నాడు.

"రూలు ప్రకారం ముందు నాకు," అన్నాడు డ్వేన్ కంచం చాపుతూ. "మూడొందలు ఇప్పుడు పెద్దది. ఆరున్నరలిద్దరూ నా తర్వాత."

ఎల్డన్ డ్వేన్ కంచం నింపాడు. ఇంకా రెండు కంచాలున్నాయి. గిన్నె అడుక్కంటా గరిటె దించి మాంసం ముక్కలన్నీ ఏరి బ్రైస్ కంచంలో వేశాడు.

"ఇద్దరిదీ ఒకటే తూటా కదండీ," అన్నాడు బ్రైస్. "పెద్దవారు మీరు ముందు."

"తిను. ఆరున్నరలో నువ్వే నాకన్నా నాలుగేళ్లు పెద్ద," అని ఎల్డన్ గింజలు తన కంచంలో వంచుకున్నాడు.